అమ్మాయి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర చెప్పే టీచర్ అవుతానంటోంది, ఆపాలా?

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక తల్లి రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన ముక్కలే ఇస్తున్నాను.

"మాది హైదరాబాద్, మాసబ్ ట్యాంక్. ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లు. అమ్మాయి ఇక్కడే పుట్టింది, రట్గర్స్ యూనివర్సిటీలో రెండో ఏడాది. కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చింది, మాకు చెప్పకుండా హిస్టరీకి మారిపోయింది, పక్కన ఆఫ్రికానా స్టడీస్ మైనర్ అట. హైస్కూల్లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర చెప్పే టీచర్ అవుతుందట. మనకు సంబంధం లేని చరిత్ర చెప్పుకుని ఎలా బతుకుతుంది? రేపు ఆ నల్లవాళ్ల స్కూళ్లలో పడేస్తే సేఫేనా? మావారు నెల రోజులుగా దానితో సరిగ్గా మాట్లాడటం లేదు. అంత ఇష్టమైతే పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవ్వమన్నాను. లేదంటే కంపెనీల్లో డైవర్సిటీ ట్రైనర్‌గా బాగా ఇస్తారంటున్నారు, ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలట. ఈ మూడింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి."

అమ్మా, పోల్చి చెబుతాను. దానికంటే ముందు మీ ఉత్తరంలో నాకు కనబడింది చెప్పాలి. జీతం గురించి మీరు రాసింది ఒక్క వాక్యం. బంధువుల గురించి, మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ గురించి, వచ్చే వేసవిలో ఇండియా వెళ్తే అత్తగారికి ఏం చెప్పాలన్న దాని గురించి రాసింది పేజీన్నర. "మా వాడు మ్యూజిక్ అంటున్నాడు", "మా పిల్ల సోషల్ వర్క్ అంటోంది" అని నాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, పైకి అడిగేది ఎప్పుడూ తిండి గురించే, లోపల ఉండేది నలుగురిలో తల ఎత్తుకోగలమా అన్నది. మీ విషయంలో ఇంకొకటి కూడా ఉంది, అదీ చెబుతాను, నొచ్చుకోకండి. "నల్లవాళ్ల స్కూళ్లు" అన్న మాట మీరు మూడు చోట్ల రాశారు. మీ అమ్మాయి అదే పిల్లల చరిత్ర రెండేళ్లుగా చదువుతూ, ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర ఆ మాట వింటోంది. నెల రోజులుగా మాట్లాడనిది మీవారు ఒక్కరే అనుకుంటున్నారా? నాకైతే మాట్లాడటం ముందు మానేసింది ఆ పిల్లే అనిపిస్తోంది.

"మనకు సంబంధం లేని చరిత్ర" అన్నారు కదా. మీది మాసబ్ ట్యాంక్ అంటున్నారు. పక్కనే ఏసీ గార్డ్స్ ఉంది, చిన్నప్పటి నుంచి ఆ పేరు వినే ఉంటారు. ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికన్ గుర్రపు దళం వాళ్లు అక్కడ ఉండేవాళ్లు, ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లి బరాత్‌లో మర్ఫా మోగితే మీరూ అడుగు వేసే ఉంటారు, ఆ వాయిద్యంలో వాళ్ల చెయ్యి ఉంది. ఇంకాస్త వెనక్కి వెళ్తే మాలిక్ అంబర్. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి దక్కన్ చేరిన మనిషి, అహ్మద్‌నగర్ రాజ్యానికి పెద్ద దిక్కై, 1626లో చనిపోయే దాకా మొఘలుల్ని నిలువరించాడు. ఔరంగాబాద్‌గా మనం ఎరిగిన ఊరిని ఖడ్కీ అన్న పేరుతో కట్టించింది ఆయనే. మన స్కూలు పుస్తకాల్లో ఆయనకు ఎన్ని లైన్లు ఇచ్చారో గుర్తు చేసుకోండి.

సరే, అది అక్కడి సంగతి. ఇక్కడి సంగతి చూద్దాం. మీరు ఈ దేశానికి రాగలిగింది దేనివల్ల? 1946 నాటి చట్టం ప్రకారం ఇండియాకు ఏడాదికి ఇచ్చింది వంద మంది కోటా. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని ఆపే ఆ పద్ధతి పోయింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టంతో. 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, అదే ఏడాది ఈ ఇమ్మిగ్రేషన్ చట్టం, మూడూ ఒకే గాలిలో వచ్చాయి. ఆ గాలి పుట్టించడానికి వీధుల్లో లాఠీ దెబ్బలు తిన్న నల్లజాతి వాళ్లెవరో మీ అమ్మాయికి తెలుసు. మన ఇళ్లలో మాత్రం "కష్టపడి చదివాం, వచ్చాం" దగ్గర కథ మొదలవుతుంది. కష్టపడ్డారు, కాదనను. కానీ తలుపు ముందే తీసి ఉంది కాబట్టే ఆ కష్టానికి ఫలితం దక్కింది.

ఇప్పుడు అసలు విషయం. ఈ చదువుకు విలువ ఉందా అంటే, చట్టమే ఉంది. న్యూజెర్సీలో 2002లో అమిస్టాడ్ చట్టం వచ్చింది, స్కూళ్లలో ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్రను మామూలు పాఠాల్లో కలిపి చెప్పించడానికి ఒక కమిషన్ పెట్టారు. అమిస్టాడ్ అన్నది ఓడ పేరు. 1839లో ఆ ఓడలో బందీలుగా ఉన్న ఆఫ్రికన్లు సెంగ్బే పియే నాయకత్వంలో తిరగబడ్డారు, 1841లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్లు స్వతంత్రులని తీర్పిచ్చింది. పేరు బాగుంది, చట్టం బాగుంది. క్లాసులో ఏమైంది? టీచర్లు తాము కాలేజీలో చదవని దాన్ని పిల్లలకు ఎలా చెబుతారు? చాలాచోట్ల నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరి రాగానే నాలుగు పోస్టర్లు, ఒక మార్టిన్ లూథర్ కింగ్ వీడియో, మార్చి వస్తే మళ్లీ పాత సిలబస్.

ఇది ఒక్క న్యూజెర్సీ జబ్బు కాదు. బ్రెజిల్ చూడండి. అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికన్లలో ఎక్కువ మంది దిగింది అక్కడే, యాభై లక్షలకు దగ్గర. అమెరికా ఖండాల్లో అందరికంటే చివర, 1888లో బానిసత్వం రద్దు చేసిందీ ఆ దేశమే. జనాభాలో సగానికి పైగా నల్లజాతి, మిశ్రమ జాతి వాళ్లున్న దేశంలో ఆఫ్రికా చరిత్ర, ఆఫ్రో బ్రెజిలియన్ సంస్కృతి స్కూల్లో తప్పనిసరిగా చెప్పాలన్న చట్టం రావడానికి 2003 దాకా పట్టింది. 10,639వ నంబరు చట్టం. దాంతోపాటే నవంబర్ 20 స్కూలు క్యాలెండర్‌లోకి ఎక్కింది, పారిపోయిన బానిసలు కట్టుకున్న పల్మారెస్‌కు నాయకుడైన జుంబీని 1695లో చంపిన రోజు అది. అక్కడా మొదట వచ్చిన ఫిర్యాదు ఇదే, ఆ ఒక్కరోజు కపోయెరా అనే ఆఫ్రో బ్రెజిలియన్ యుద్ధకళ ఆడించి, ఒక వంటకం వండించి, అయిపోయిందనిపిస్తున్నారని. అప్పుడు తెలిసొచ్చింది పని చట్టంతో తీరలేదని, టీచర్లకు నేర్పించాలని. అందుకే అక్కడ యూనివర్సిటీల్లో టీచర్ల కోసం ప్రత్యేకంగా కోర్సులు పెట్టాల్సి వచ్చింది. మీ అమ్మాయి ఎంచుకున్నది సరిగ్గా ఆ ఖాళీని. అందరూ చట్టం తెచ్చారు, పోస్టర్లు వేశారు, చెప్పగలిగిన మనిషే తక్కువ.

చెప్పగలగడం అంటే ఏమిటో మీకు కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే "హిస్టరీ టీచరే కదా, పుస్తకం చూసి చెప్పడమే కదా" అని మీరు రాశారు. ఆ మాట ఇంకెవరితోనూ అనకండి. ఈ సబ్జెక్టుకు ట్రైనింగ్ తీసుకున్న టీచర్ బానిసల్ని తెచ్చిన ఓడతో మొదలుపెట్టదు. ఆఫ్రికాతో మొదలుపెడుతుంది, మాలి, సొంగాయ్, గ్రేట్ జింబాబ్వే లాంటి పాత రాజ్యాలు, టింబక్టూ రాతప్రతులు. ఎందుకంటే మొదటి పాఠమే గొలుసులతో మొదలైతే, ఆ క్లాసులో కూర్చున్న నల్లజాతి పిల్లకు తన వాళ్ల కథ గొలుసులతోనే మొదలైందని అనిపిస్తుంది. పిల్లల్ని వరుసలో నిలబెట్టి బానిసల వేలం నాటకం ఆడించడం లాంటి పిచ్చి పనులు ట్రైనింగ్ లేని టీచర్లు చేస్తారు, ఈ దేశంలో చేశారు కూడా, పిల్లలు ఏడుస్తూ ఇంటికి వెళ్లారు. క్లాసులో ఒక్కరే నల్లజాతి పిల్లవాడు ఉంటే పాఠం మధ్యలో ఇరవై తలలు వాడి వైపు తిరుగుతాయి, ఆ క్షణంలో ఏం చెయ్యాలో పుస్తకంలో ఉండదు.

ఇంకో ఉదాహరణ. 1936 నుంచి 1938 దాకా ప్రభుత్వం మనుషుల్ని పంపి, ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్లను కలిసి, వాళ్ల మాటలు రాయించింది. రెండు వేల మూడొందలకు పైగా ఉన్నాయి ఆ ఇంటర్వ్యూలు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. కొన్నిటిలో "మా దొర మంచివాడు" అని ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడు అది చదివి నమ్మేస్తాడు. ట్రైనింగ్ ఉన్న టీచర్ ఆగి అడిగిస్తుంది: రాసుకుంటున్నది ఎవరు? ఎక్కువమంది తెల్లవాళ్లు. చెప్పేది ఎవరు? ఎనభై, తొంభై ఏళ్ల మనిషి, పనులు దొరకని ఆర్థిక మాంద్యం రోజులు, అదే ఊళ్లో బతకాలి, ఎదురుగా కూర్చున్నవాడు పాత దొరకు చుట్టమేమో తెలియదు. మరి నిజం ఎంత చెబుతాడు, ఎంత దాచుకుంటాడు? ఒక కాగితాన్ని ఇలా చదవడం నేర్చుకున్న పిల్లవాడు రేపు లాయరైనా డాక్టరైనా బాగుపడతాడు. ఇది నేర్పడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

"మన పిల్ల ఆ చరిత్ర చెబితే వాళ్లు ఒప్పుకుంటారా?" అని కూడా అడిగారు. ఇది మాత్రం మంచి ప్రశ్న. ఈ దేశంలో పబ్లిక్ స్కూలు, అంటే ప్రభుత్వ స్కూలు టీచర్లలో నల్లజాతి వాళ్లు నూటికి ఆరేడుగురే. అలా కావడానికీ ఒక చరిత్ర ఉంది, 1954లో తెల్ల, నల్లజాతి పిల్లలకు వేర్వేరు స్కూళ్లు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక దక్షిణాదిలో నల్లజాతి పిల్లల స్కూళ్లు మూసేసి, అక్కడి టీచర్లను వేలమందిని ఇంటికి పంపారు. కాబట్టి మీ అమ్మాయి ఎవరి చోటులోనో కూర్చుంటున్నానా అన్న ఆలోచనతో ఉండాలి, ఉండటమే మంచిది. ఆ వినయం ఉంటే, తోటి నల్లజాతి టీచర్ల దగ్గర నేర్చుకునే ఓపిక ఉంటే, పిల్లలు ఒప్పుకుంటారు. పిల్లలకు టీచర్ రంగు కంటే ముందు తమను నిజంగా పట్టించుకుంటుందా లేదా అన్నదే అర్థమవుతుంది. అన్నట్టు, సేఫ్టీ గురించి మీరు భయపడుతున్న స్కూళ్లలో వేలాది మంది టీచర్లు ఏళ్లుగా పనిచేసి సాయంత్రం ఇంటికి వెళ్తున్నారు.

ఇక మీ డైవర్సిటీ ట్రైనర్ సంగతి, అంటే రకరకాల జాతుల వాళ్లతో వివక్ష లేకుండా మెలగడం గురించి కంపెనీ ఉద్యోగులకు చెప్పే పని. దీని మీద నాకు చాలా అనుమానాలు ఉన్నాయి, మొహమాటం లేకుండా చెబుతాను. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపిన తర్వాత ప్రతి కంపెనీ డైవర్సిటీ ఆఫీసర్లను పెట్టుకుంది. ఆరు వారాల సర్టిఫికెట్, ఎనిమిది వారాల సర్టిఫికెట్ అని ఎక్కడ చూసినా ప్రకటనలే. ఆ రోజుల్లో ఇద్దరు పిల్లలకు నేనే ఆ దారి ఫర్వాలేదన్నాను, అది నా తప్పు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒకమ్మాయికి మంచి జీతమే వచ్చింది, రెండేళ్లలో మొత్తం టీమ్‌నే తీసేశారు. ఆ తర్వాత 2025 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వమే తన ఆఫీసుల్లో ఈ కార్యక్రమాలు మూసేయమని ఉత్తర్వు ఇచ్చింది, చాలా కంపెనీలు ఆ పేరే ఎత్తడం మానేశాయి. గాలికి వచ్చిన ఉద్యోగం గాలికే పోయింది. అయితే నా అనుమానం ఉద్యోగం పోతుందన్న దాని గురించి మాత్రమే కాదు. మూడొందల మంది ఉద్యోగుల్ని ఒక హాల్లో కూర్చోబెట్టి గంటన్నర స్లైడ్లు చూపిస్తే మనసులు మారతాయన్నది నేను ఎప్పుడూ నమ్మలేకపోయాను. చరిత్ర తెలియనివాడికి మర్యాద పాఠం చెబితే విసుగే వస్తుంది. అదే పదిహేనేళ్ల వయసులో ఏడాది పాటు, రోజూ నలభై నిమిషాలు, కాగితాలు ముందు పెట్టుకుని చదివినవాడికి ఆ గంటన్నర అవసరమే రాదు. మీ అమ్మాయికి ఈ తేడా తెలుసు కాబట్టే స్కూలు కావాలంటోంది. ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టకండి. ఎవరైనా "ఈ సర్టిఫికెట్ ఉంటే స్కూళ్లు పిలుస్తాయి" అంటే అసలు నమ్మకండి, న్యూజెర్సీలో ఈ సబ్జెక్టుకు విడిగా లైసెన్సే లేదు, సోషల్ స్టడీస్ టీచర్ లైసెన్సు మీదే చెబుతారు.

అందరూ మాట్లాడుకునే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ గురించీ ఒక మాట. 2022లో అరవై స్కూళ్లలో ప్రయోగంగా మొదలై, 2024లో అందరికీ వచ్చింది. మంచి కోర్సే. కానీ ఫ్లోరిడా 2023 జనవరిలోనే మా రాష్ట్రంలో వద్దంది. మీ అమ్మాయి ఒక్క ఆ కోర్సునే నమ్ముకుని బతుకు కట్టుకోకూడదు, అది ఉన్న రాష్ట్రం, ఉన్న స్కూలు వెతుక్కుంటూ తిరగాల్సి వస్తుంది. అమెరికా చరిత్ర, ప్రపంచ చరిత్ర ఏది ఇచ్చినా చెప్పగలగాలి, వాటిలోనే తన విషయం బలంగా చెప్పాలి.

పీహెచ్‌డీ మాట క్లుప్తంగా. ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్‌లో మొదటి పీహెచ్‌డీ కోర్సు 1988లో మొదలైంది మీకు దగ్గర్లోనే, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో. ఆరేడేళ్లు పడుతుంది, బయటికొచ్చాక పర్మనెంట్ ప్రొఫెసర్ ఉద్యోగాలు చాలా తక్కువ. మీరు అది అడుగుతున్నది "డాక్టర్" అని పిలిపించుకోవచ్చని. ఐదేళ్లు టీచర్‌గా చేశాక తనకే చేయాలనిపిస్తే చేస్తుంది, అప్పుడు చేస్తే విలువ కూడా ఎక్కువ.

టీచర్ దారిలో నాకున్న నిజమైన భయం ఒక్కటే, సోషల్ స్టడీస్‌లో పోటీ ఎక్కువ. లెక్కలకు, సైన్సుకు టీచర్లు దొరకరు, హిస్టరీకి ఒక పోస్టు పడితే అప్లికేషన్లు కుప్పలుగా వస్తాయి. దీనికి మందు ఉంది. సోషల్ స్టడీస్‌తో పాటు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత (ఎండార్స్‌మెంట్) గానీ, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకు చెప్పే ఈఎస్ఎల్ గానీ చేతిలో ఉంచుకోమనండి. ఆ రెంటికీ ఎప్పుడూ మనుషులు కావాలి. ఇంకో సంగతి, 2022 జనవరిలో న్యూజెర్సీ ఆసియా అమెరికన్ల చరిత్ర కూడా స్కూళ్లలో చెప్పాలని చట్టం చేసింది, ఇల్లినాయిస్ తర్వాత రెండో రాష్ట్రం. మన పిల్లల కథ పాఠంలోకి వచ్చింది అమిస్టాడ్ చట్టం వేసిన బాటలోనే. ఆ రెండూ చెప్పగలిగిన టీచర్ కావాలని రేపు ప్రిన్సిపాళ్లు వెతుకుతారు.

జీతం అంటారా, ఇక్కడి స్కూలు జిల్లాల జీతాల పట్టికలు అందరికీ అందుబాటులోనే ఉంటాయి, మీ జిల్లాది తెరిచి మాస్టర్స్ ఉన్న టీచర్ల వరుస చూడండి. ఐటీ జీతం రాదు. అమెరికాలో టీచర్లకు మెరుగ్గా ఇచ్చే రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి, పెన్షన్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, నాలుగేళ్లు దాటి నిలబడితే టెన్యూర్, అంటే ఊరికే తీసేయలేని ఉద్యోగ భద్రత వస్తుంది. ఫెడరల్ లోను తీసుకుంటే, పబ్లిక్ స్కూల్లో చేస్తూ సరైన ప్లాన్ కింద 120 వాయిదాలు కట్టాక మిగతాది మాఫీ చేయించుకునే వీలుంది. మీవారు ఎన్నిసార్లు లేఆఫ్ టెన్షన్‌తో నిద్ర లేకుండా గడిపారో మీరే రాశారు కదా. మీ అమ్మాయి ఆ రాత్రులు చూస్తూనే పెరిగింది.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఈ సెమిస్టర్‌లోనే రట్గర్స్ గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ ఎడ్యుకేషన్ అడ్వైజర్‌ను కలవమనండి, టీచింగ్ కోర్సుల్లోకి ఎప్పుడు, ఎలా వెళ్లాలో ఆలస్యం చేస్తే ఒక ఏడాది పోతుంది. చదివే చోటే తనకు పాఠం ఉంది. ఆ కాలేజీ మొదటి ప్రెసిడెంట్ కుటుంబానికే, తర్వాత బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన సోజర్నర్ ట్రూత్ బానిసగా పుట్టింది, ఇవాళ ఆమె పేరు మీద అక్కడ విద్యార్థుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. 1919లో అక్కడే డిగ్రీ తీసుకున్న నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ పక్కనున్న ప్రిన్స్‌టన్‌లో పుట్టినవాడు. ఈ ఏడాదే డాక్యుమెంట్లతో ఒక పాఠం తయారు చేసుకుని, ఎవరైనా టీచర్ క్లాసులో చెప్పి చూడమనండి. అది నచ్చకపోతే అప్పుడే తెలుస్తుంది, ఇంకా దారి మార్చుకునే టైముంది.

మీకూ ఒక పని చెబుతాను, మీవారిని కూడా తీసుకెళ్లండి. ఎడిసన్ నుంచి కారులో గంట ప్రయాణం, బర్లింగ్టన్ కౌంటీలో టింబక్టూ అన్న పేరుతో ఒక చోటు ఉంది. 1826లో బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు కట్టుకున్న ఊరు. అప్పటికి న్యూజెర్సీలో బానిసత్వం పూర్తిగా పోలేదు, 1804లో మెల్లగా రద్దు చేస్తామని చట్టం చేసి, 1860 జనాభా లెక్కల్లో కూడా పద్దెనిమిది మందిని లెక్కపెట్టిన రాష్ట్రం ఇది. ఆ ఊరి శ్మశానంలో అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల సమాధులు ఉన్నాయి. అమ్మాయిని అడగండి, "మాకు ఇక్కడ ఏం జరిగిందో చెప్పు" అని. ఒక గంట మధ్యలో అడ్డం రాకుండా వినండి. తను పాఠం చెబుతుంటే మీరు ఇంతవరకు చూడలేదని నాకు అనిపిస్తోంది. తిరిగొచ్చాక అడ్వైజర్ ఏం చెప్పారో, తను ఏ కోర్సులు పెట్టుకుందో రాయండి, ఆ లిస్టు చూసి తర్వాతి సెమిస్టర్ గురించి మాట్లాడుకుందాం.